మాట ఒక ఫ్రేమ్ లేటు

తెలుగు దినపత్రికల సినిమా పేజీలో ఎన్నేళ్ళయినా మారని వాక్యం ఒకటుంది. దేవుడి పటాలపై చిత్రీకరించిన ముహూర్తపు సన్నివేశానికి ఫలానా నిర్మాత క్లాప్ కొట్టగా, ఫలానా ఎమ్మెల్యే కెమెరా స్విచాన్ చేశారు, ఫలానా దర్శకుడు గౌరవ దర్శకత్వం వహించారు. పేర్లు మారతాయి, హీరోలు మారతారు, వాక్యం మాత్రం కదలదు. మంచి ముహూర్తాలున్న రోజు చూసుకుని ఫిల్మ్ నగర్ దైవసన్నిధానానికి వెళ్తే ఆ వాక్యాన్ని కళ్ళారా చూడొచ్చు. బంతిపూల దండ వేసిన పటం, ఎదురుగా కెమెరా, మధ్యలో నిలబడ్డ పెద్దమనిషి చేతిలో నలుపు తెలుపు చారల పలక. టప్‌మని కొడతారు. అందరూ చప్పట్లు. తర్వాత టిఫిన్లు.

ఆ పలక అసలు పని వేరు. కెమెరా బొమ్మను పట్టుకుంటుంది, మాటతో దానికి సంబంధం లేదు. మైకు మాటను పట్టుకుంటుంది, మనిషి మొహం దానికి అక్కర్లేదు. ఒకే మనిషి నుంచి బయల్దేరిన రెండూ చెరో పెట్టెలోకి వెళ్ళిపోతాయి. రేపు ఎడిటింగ్ రూములో ఈ మాట ఈ పెదవులదే అని తేల్చాలంటే ఒక ఆనవాలు కావాలి. పలక చెక్కలు రెండూ కలుసుకున్న బొమ్మ ఏ ఫ్రేములో ఉందో చూస్తారు, టప్‌మన్న చప్పుడు సౌండ్ ట్రాక్‌లో ఎక్కడుందో వెతుకుతారు, రెండింటినీ ఒకే గీత మీదికి తెస్తారు. అక్కడి నుంచి ఆ షాట్ మొత్తం సింక్‌లో ఉన్నట్టే. దేవుడు పటంలో పెదవి కదపడు కాబట్టి ముహూర్తం షాట్‌కు సింక్‌తో పనే లేదు. అయినా కొడతారు. కొట్టనివ్వండి. సినిమా అనేదాని మొట్టమొదటి క్రతువు వెలుగునూ చప్పుడునూ కలిపి ముడివేయడమే కావడం నాకు బాగానే ఉంటుంది.

నేను డబ్బింగ్ సినిమాలకు మాటలు రాస్తాను. తమిళం నుంచి, మలయాళం నుంచి, ఈ మధ్య కొరియా సిరీస్‌ల నుంచి కూడా. అంతకు ముందు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. లెక్కలు వదిలేసి డైలాగుల్లో పడ్డాడని మావాళ్ళ బెంగ. వదిలిందేమీ లేదు. అప్పట్లో బోర్డు మీద రాసి తుడిచేసిన అంకెలతోనే ఇప్పుడు నా పూట గడుస్తోంది.

గాలిలో చప్పుడు సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. ఎండాకాలం గాలి వేడెక్కితే డిగ్రీకి 60 సెంటీమీటర్ల చొప్పున ఇంకాస్త జోరందుకుంటుంది. వెలుగు పోయేది సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. ఎనిమిదిన్నర లక్షల రెట్ల పైచిలుకు తేడా. పిల్లలు ఈ అంకె విని ఆవలించేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు, అంత పెద్ద అంకె ఎవరి మనసుకూ పట్టదు. ఫిల్మ్ నగర్ కొలత వేరు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్క ఫ్రేము గడిచే లోపు చప్పుడు దాటే దూరం 14 మీటర్లు. అంటే తెరకు 14 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి మాట ఒక ఫ్రేమ్ లేటు. 28 మీటర్ల అవతల, బాల్కనీ చివరి వరసవాడికి రెండు ఫ్రేములు. బొమ్మకు అదే దూరం దాటడానికి సెకనును కోటి ముక్కలు చేసి అందులో ఒక ముక్క ఇస్తే చాలు. ముందు వరసలో కాగితాలు చింపి ఎగరేసేవాడూ, వెనక సీట్లో కాలు మీద కాలేసుకున్నవాడూ ఒకే క్షణంలో హీరోని చూస్తారు కానీ ఒకే క్షణంలో హీరో మాట వినరు. పంచ్ డైలాగు ముందు వరసకే ముందు అందుతుంది. న్యాయమే.

మరి బాల్కనీవాడు గొడవ చేయడేం? మెదడు చూసీచూడనట్టు పోతుంది కాబట్టి. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన లెక్క ఒకటుంది. మాట బొమ్మ కన్నా వెనకబడితే సెకనులో ఎనిమిదో వంతు దాకా, అంటే మన కొలతలో మూడు ఫ్రేముల దాకా జనం పసిగట్టరు. అదే మాట ముందుగా వచ్చిందో, ఒక ఫ్రేము దాటగానే ఏదో తేడాగా ఉందని పట్టేస్తారు. ఈ పక్షపాతం ఎందుకంటే, చెవి పుట్టినప్పటి నుంచీ చప్పుడు ఆలస్యంగా రావడమే దానికి అలవాటు. చెరువు అవతలి గట్టు మీద చాకలి బట్ట బండకు తగలడం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. ఎంత దూరం జరిగినా ఆ ఆలస్యం పెరుగుతుందే తప్ప, దెబ్బ ముందు వినపడి బట్ట తర్వాత పడే గట్టు ఈ భూమ్మీద లేదు. డబ్బింగ్ థియేటర్లో మేము బతికేది ఆ మూడు ఫ్రేముల దయ మీదే. 'మేడమ్, కొంచెం ముందొచ్చారు, వన్ మోర్' అని ఇంజనీరు అంటే అది తప్పనిసరిగా మళ్ళీ చెప్పాల్సిందే. 'ఒక ఫ్రేమ్ లేటు, పర్లేదు, పోదాం' అంటే నిజంగానే పర్లేదు.

అంత పట్టింపు ఉన్న సినిమా, ఉరుముల దగ్గరికి వచ్చేసరికి ఫిజిక్స్‌ను గాలికొదిలేస్తుంది. తెర మీద మెరుపూ ఉరుమూ కవల పిల్లలు. తల్లి చేతిలో హారతి పళ్ళెం జారే సమయానికి ఇద్దరూ కలిసి రావాలి. నిజంగా అలా రావాలంటే పిడుగు ఆ ఇంటి మీదే పడాలి. కిలోమీటరు దూరంలో మెరిస్తే ఉరుము మూడు సెకన్ల తర్వాత వస్తుంది. మూడు సెకన్లంటే 72 ఫ్రేములు, ఆ లోపు దర్శకుడు రెండు కట్‌లు వేసేస్తాడు. గుట్ట అవతల విలన్ గోడౌన్ పేలినా అంతే, మంటా మోతా ఒక్కసారే. ఇందులో నాకు దర్శకుల మీద ఫిర్యాదు లేదు. ఒకసారి ఎఫెక్ట్స్ చేసే కుర్రాడు ఉత్సాహం కొద్దీ ఉరుమును నిజమైన దూరంలో పెట్టి చూపించాడు. చూసినవాళ్ళందరూ సింక్ పోయిందన్నారు.

పాటల దగ్గర మాత్రం ఈ లెక్క తప్పించుకోలేరు. 1932లో హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు పాడేదీ ఆడేదీ ఒకే మనిషి, అక్కడికక్కడే. ప్లేబ్యాక్ వచ్చాక గొంతు ముందే రికార్డయి, లొకేషన్‌లో స్పీకర్ల గుండా వచ్చి, నటుల పెదవుల మీదికి ఎక్కడం మొదలైంది. ఒక మైదానంలో వందమంది డాన్సర్లను నిలబెట్టారనుకోండి. స్పీకరు కెమెరా పక్కన ఉంది. ముందు వరసకు తాళం వెంటనే అందుతుంది. వంద మీటర్ల వెనక ఉన్న వరసకు అందేసరికి ఏడు ఫ్రేములు దాటిపోతాయి. నిమిషానికి 120 దెబ్బల పాట అయితే దెబ్బకు దెబ్బకు మధ్య అర సెకను; అందులో సగానికి పైగా దారిలోనే ఖర్చయిపోయింది. వెనకవాళ్ళు తాళం తప్పలేదు, తమకు వినపడిన తాళానికే చక్కగా వేస్తున్నారు. కానీ కెమెరాకు చప్పుడుతో పని లేదు కదా, అది చూసింది చూసినట్టు పట్టేసి వెనక వరసను దోషిగా నిలబెడుతుంది. డాన్స్ మాస్టారు ముందు తిట్టేది వాళ్ళనే. తర్వాత ఎవరో ఒకరు ఇంకో రెండు బాక్సులు మోసుకెళ్ళి వెనక వరస దగ్గర పెడతారు, పాట బాగుపడుతుంది.

స్లో మోషన్ పాట తీయడం చూస్తే ఇంకా తమాషా. సెకనుకు 48 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తారు కాబట్టి పెదవులు చివరికి మామూలు వేగంలో కదలాలంటే, తీసేటప్పుడు పాట రెండింతల వేగంతో మోగాలి. నాగ్రా టేపు రోజుల్లో వేగం రెట్టింపయితే శ్రుతి కూడా రెట్టింపయ్యేది. మధ్య స్థాయి షడ్జం తార స్థాయి షడ్జం అయిపోతుంది. వెన్నెల్లో విరహ గీతం ఎలకపిల్ల గొంతుతో కీచుకీచుమంటుంటే, ఆ కీచులకు పెదవులాడిస్తూ హీరోయిన్ కళ్ళలో నీళ్ళు పెట్టుకోవాలి. తెర మీద ఆ దుఃఖం చూసి మనం ఏడ్చాం. నటన అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ లొకేషన్ గురించే చెబుతాను.

జూబ్లీహిల్స్ ఇళ్ళ ప్రహరీలు చూసినప్పుడల్లా నాకు తరంగ దైర్ఘ్యం పాఠం గుర్తొస్తుంది. స్టార్ల గేటు ముందు అభిమానులు గంటలు గంటలు నిలబడతారు. గోడ పన్నెండడుగులుంటే లోపల ఉన్న మనిషి కనపడడు. లోపలి కుక్క అరుపు, కారు స్టార్టయిన చప్పుడు మాత్రం బయటికొచ్చేస్తాయి. వెలుగు అల పొడవు మిల్లీమీటరులో రెండు వేల వంతు. గోడ ముందు అది ఎంతో చిన్నది, అంచు దగ్గర ఒంగడం దానికి చేతకాదు. మగవాడి బొంగురు గొంతులో అల పొడవు మూడు మీటర్ల పైనే. గోడను ఎక్కి దిగి అవతలికి వచ్చేస్తుంది. 'స', 'ష' లాంటి అక్షరాల్లోని ఈల చప్పుడుకు అల పొడవు కొన్ని సెంటీమీటర్లే, అది గోడ ఇవతలకు సరిగా దిగదు. రోడ్ నంబర్ 36లో పబ్బు వెనక వీధిలో కాపురం ఉండేవాళ్ళనడగండి. వాళ్ళకు రాత్రి ఒంటిగంట దాకా ధబ్ ధబ్ ధబ్ మాత్రమే వినిపిస్తుంది, ఏ పాటో ఎన్నటికీ తెలియదు. పాటంతా గోడ లోపలే ఉండిపోయి, దరువు మాత్రం వీధి మీద పడుతుంది.

థియేటర్ తెర ఈ గోడకు తిరగేసిన వేషం. దగ్గరికెళ్ళి చూస్తే తెర నిండా మిల్లీమీటరు పైచిలుకు బెజ్జాలు, లెక్కలేనన్ని. స్పీకర్లు తెర వెనక ఉంటాయి, మాట ఆ బెజ్జాల్లోంచి ఇవతలికొస్తుంది. వెలుగు మాత్రం తెరకు తగిలి వెనక్కి మనమీదికొస్తుంది, బెజ్జాల్లో పడిన కాస్తా పోయినా ఎవరికీ లెక్క లేదు. బొమ్మను ఆపి మాటను పోనిచ్చే గుడ్డ అది. మాట తెర వెనక మూడు స్పీకర్లలోంచి వస్తున్నా, ఎడమ మూల నిలబడ్డ ముసలాయన పెదవుల్లోంచే వచ్చిందని మనం ప్రమాణం చేసి చెబుతాం. కన్ను ఎటు చూపిస్తే చెవి అటు నమ్ముతుంది. తోలుబొమ్మలవాళ్ళు తెర వెనక కూచుని చేసినదీ ఇదే పని, బెజ్జాల లెక్క లేకుండా.

ఈ కొండల మీద ఇంకో వింత కూడా ఉంది. హైదరాబాదు నేల కింది నల్లసేనపు రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టాలంటే ముందు ఆ రాయిని పగలగొట్టాలి. పక్క లేఅవుట్‌లో బండలు పేలుస్తుంటే నేను బాల్కనీలో టీ గ్లాసు పట్టుకుని గమనించాను. ముందు అరికాళ్ళ కింద నేల ఒక్కసారి అదురుతుంది, గ్లాసులో టీ గుండ్రంగా వణుకుతుంది. పిట్టగోడ మీది పూలకుండీ పళ్ళెం గిలక్‌మంటుంది. ఆ తర్వాత, తీరిగ్గా, ధన్‌మని మోత. రాతిలో అదురు సెకనుకు ఐదు కిలోమీటర్ల వేగంతో వస్తుంది, గాలిలో చప్పుడు దాని ముందు నత్తే. అరకిలోమీటరు దూరానికే సెకనుకు పైగా తేడా. కాళ్ళకు వార్త ముందు తెలిసి చెవులకు తర్వాత తెలియడం మనుషులకు అలవాటు లేని అనుభవం. ఎన్నిసార్లు జరిగినా ఆ సెకనులో గుండె ఒకసారి జారుతుంది.

ఫిల్మ్ నగర్ గుట్ట మీది నుంచి చూస్తే గోల్కొండ కనిపిస్తుంది. అక్కడ కింద గుమ్మటం దగ్గర గైడు చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినపడుతుందని ఊరంతటికీ తెలుసు. దాదాపు కిలోమీటరు దూరం అని గైడ్లు చెబుతారు. అదే నిజమైతే కింద చేతులు కలిసిన మూడు సెకన్లకు గానీ పైనవాళ్ళకు క్లాప్ వినపడదు. గుమ్మటం వంపు చప్పుడును చెదిరిపోకుండా ఒకవైపు కూడగడుతుంది, నునుపైన రాతి గోడలు మింగకుండా పైకి దాటిస్తాయి. శత్రువొచ్చాడని పైకి చెప్పడానికి ఆ ఏర్పాటు చేసుకున్నారంటారు. సినిమావాళ్ళు కొండ ఇవతల వైపు స్థిరపడటానికి చాలాముందే క్లాప్ కొట్టడం ఇక్కడ వృత్తిగా ఉండేదన్నమాట.

వెలుగు సంగతి ఇంతసేపు పెద్దగా చెప్పలేదు. అది ఏ పనీ చప్పుడు చేయకుండా చేసుకుపోతుంది కాబట్టి దాన్ని మర్చిపోవడం సులువు. ఫ్లోరులో లైట్‌మన్ల దగ్గర కాసేపు కూర్చుంటే వెలుగు కనిపించదన్న సంగతి బోధపడుతుంది. లైటు కనిపిస్తుంది, లైటు పడిన వస్తువు కనిపిస్తుంది, మధ్యలో దారి ఖాళీ. ఆ దారి చూపించాలంటే పొగ పట్టాలి. గుడి సెట్టులో కిటికీలోంచి భక్తి ధారగా కారాలని దర్శకుడు కోరితే ఒక కుర్రాడు సాంబ్రాణి పొగ పట్టుకుని సెట్టంతా తిరిగొస్తాడు. పొగ రేణువులు వెలుగును పక్కలకు చెదరగొట్టి కెమెరా వైపు కాస్త తోస్తే, అప్పుడు కిరణం. వాన కూడా అంతే. ఎదురుగా లైటు కొడితే ఎంత కుండపోతగా కురిసినా వాన కనపడదు, వెనక నుంచి కొట్టాలి. లైటును రెట్టింపు దూరం జరిపితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న సూత్రం ఆ కుర్రాళ్ళలో చాలామంది పుస్తకంలో చదివి ఉండరు. కెమెరామన్ 'కొంచెం డౌన్ చెయ్ బాబూ' అంటే స్టాండు ఎంత వెనక్కి లాగాలో వాళ్ళ కాళ్ళకు తెలుసు. స్కిమ్మర్ గుడ్డ కట్టి మెత్తన చేయాలా, థర్మాకోల్ మీద కొట్టించి మొహం మీద వేయాలా అన్నదీ తెలుసు.

వెన్నెల విషయంలో సినిమా చేసిన పని నాకు మరీ ఇష్టం. పున్నమి వెన్నెల ఎండలో నాలుగు లక్షల వంతు. పాతకాలం ఫిల్ముకు అందులో ఏమీ కనిపించదు. 1957లో మద్రాసులో తీసిన 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే వెన్నెలంటే ఇలా ఉంటుందని లైట్లతో తయారుచేసి చూపించాడు. అదీ నలుపు తెలుపులో. అప్పటి నుంచి మేడ మీద నిజం వెన్నెల కాస్తే 'మాయాబజార్‌లా ఉంది' అన్నవాళ్ళున్నారు కానీ, ఆ సినిమా చూసి 'మా మేడలా ఉంది' అన్నవాళ్ళు నాకు తగల్లేదు. రంగుల సినిమా వచ్చాక వెన్నెల నీలం అయింది. చంద్రుడి మీద పడి వచ్చేది ఎండే కాబట్టి వెన్నెలలో నీలమేమీ ఎక్కువ లేదు, నిజానికి ఒకింత ఎరుపు వైపే మొగ్గుతుంది. చీకట్లో మన కన్ను ఎరుపును ముందు మర్చిపోతుంది, నీలం వైపు రంగులు ఇంకా కాస్త ఆనుతూ ఉంటాయి. కన్ను చేసే ఆ చిన్న మోసాన్ని సినిమా నీలం జెలటిన్ కాగితం అంటించి పెద్దది చేసింది.

ఇక వెలుగూ చప్పుడూ ఒకదాని వేషం ఒకటి వేసుకునే చోటు ఒకటుంది. ఇప్పుడు డిజిటల్ వచ్చి చాలామందికి తెలియకుండా పోయింది గానీ, ఫిల్ము ప్రింటు అంచున, బొమ్మల పక్కనే, రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున ఒక చార ఉండేది. గొంతు పెరిగితే చార అంచు ఉబ్బుతుంది, తగ్గితే సన్నబడుతుంది. ప్రొజెక్టరులో ఒక చిన్న దీపం ఆ చార గుండా వెలుగును పంపేది, అవతల ఫోటోసెల్ ఆ వెలుగు హెచ్చుతగ్గుల్ని కరెంటుగా మార్చి స్పీకరుకు ఇచ్చేది. ఘంటసాల ఆలాపన ఊరూరి టూరింగ్ టాకీసులో వినపడే ముందు అంగుళంలో పదో వంతు వెలుగు చారై ప్రయాణం చేసిందన్నమాట. ఇంకా తమాషా ఏమంటే, ఏ బొమ్మ మాట ఆ బొమ్మ పక్కన ఉండదు. గేటు దగ్గర ఫిల్ము ఒక్కో ఫ్రేముకూ ఆగి ఆగి నడవాలి, లేకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. చార దగ్గర ఆగకుండా జారాలి, లేకపోతే పాట గగ్గోలు పెడుతుంది. ఆగడం, జారడం ఒకేచోట కుదరవు కాబట్టి చార చదివే దీపాన్ని కొంచెం కింద పెట్టారు, మాటను దాదాపు 20 ఫ్రేముల ముందుకు జరిపి ముద్రించారు. ఎన్టీఆర్ నోరు తెరిచిన బొమ్మ గేటులో ఉండగా ఆయన మాట అప్పటికే దాటిపోయిన బొమ్మ పక్కన ఉండేది. ఇలా బొమ్మా మాటా కలిపి తీసిన కాపీని పరిశ్రమలో మ్యారీడ్ ప్రింట్ అనేవారు. ఎడంగా ఉంటేనే నడిచిన కాపురం.

చప్పుడు నుంచి వెలుగు దాకా నడిచిన మనిషి ఒకాయన మన విశాఖపట్నంలోనే చదువుకున్నాడు. సి.వి. రామన్ తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. రామన్ తొలినాళ్ళలో పట్టుకున్నవాటిలో వీణలూ మృదంగాలూ ఉన్నాయి. మామూలు డోలు చర్మం శ్రుతి నిలవని గోల చేస్తుంది, మృదంగం మధ్యలో పూసే నల్లటి ముద్ద ఆ గోలను సరైన అనుస్వరాల వరసలోకి తెస్తుందని 1920లో 'నేచర్' పత్రికలో రాశాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు వెలుగు చెదరడం మీద ఆయన చూసినదే నోబెల్ తెచ్చింది. 1935లో నాగేంద్రనాథ్‌తో కలిసి రెండింటినీ ఒకే గిన్నెలో పెట్టాడు. ద్రవంలో చెవికి అందనంత సూక్ష్మమైన శబ్ద తరంగాలు పోతుంటే వాటి మీదుగా వెళ్ళే వెలుగు చీలి పక్కలకు వంగుతుందని లెక్క కట్టి చూపించాడు. మృదంగం మీది నల్లముద్ద దగ్గర మొదలుపెట్టినవాడికి అది పెద్ద దూరం అనిపించి ఉండదు.

నా పని జరిగే గది సంగతి చెప్పాలి. డబ్బింగ్ థియేటర్‌కు రెండు తలుపులు, మధ్యలో మనిషి పట్టేంత సందు. లోపల గోడలకు గుడ్డ, గుడ్డ వెనక గ్లాస్‌వూల్. చప్పట్లు కొడితే చేతుల దగ్గరే చచ్చిపోతాయి. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాలలో ఒక్క మాట అంటే అది ఐదున్నర సెకన్లు హాల్లోనే తిరుగుతుండేదట. బాగుచేయమంటే సేబిన్ అనే కుర్ర మాస్టారు రాత్రిళ్ళు పక్క థియేటర్ నుంచి సీట్ల దిండ్లు మోయించి, ఎన్ని దిండ్లు పెడితే మాట ఎంత త్వరగా చచ్చిపోతుందో కొలిచాడు. ఒక మనిషి ఆరు దిండ్ల పెట్టు అని కూడా తేలింది. హౌస్‌ఫుల్ బోర్డు పడితే నిర్మాతకే కాదు, మిక్సింగ్ ఇంజనీరుకూ మేలేనన్నమాట. ఖాళీ హాల్లో మోగి చెడిన డైలాగు నిండు హాల్లో స్పష్టంగా వినపడుతుంది. కాకపోతే నిండు హాల్లో మొదటి రోజు ఈలల మధ్య ఆ స్పష్టత ఎవరికి కావాలి?

ఈ గదిలో నేను చేసేది పెదవుల వెంట పడటం. ప, ఫ, బ, భ, మ. ఈ ఐదింటికే నోరు మూసుకోవాలి. తమిళ నటుడు 'పోడా' అని పెదవులు మూస్తే నేను 'వెళ్ళు' అని రాయకూడదు, 'పోరా' అనాలి. అంత తేలిగ్గా దొరికేవి కొన్నే. ఒక్కోసారి 'మ' కోసం పూటంతా వెతకాలి. కంటికీ చెవికీ పేచీ వస్తే ఎవరు గెలుస్తారన్నది 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అని ఇద్దరు పరీక్షించారు. తెర మీద మనిషి పెదవులు 'గ' అంటున్నాయి, స్పీకరులో 'బ' వినిపిస్తోంది. చూసినవాళ్ళలో ఎక్కువమంది తమకు 'ద' వినిపించిందన్నారు. కళ్ళు మూసుకుంటే 'బ', తెరిస్తే 'ద'. సంగతి తెలిసినా మారదు, నేను చూశాను. చెవి విన్నదాన్ని కన్ను దిద్దేస్తుంది. తెలుగు రాని హీరోయిన్ పెద్ద డైలాగుకు 'వన్ టూ త్రీ ఫోర్' అని పెదవులాడించిందన్న జోకు కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర ఎప్పుడూ నడుస్తుంటుంది. నవ్వుకుంటాం కానీ, ఆ అంకెల మీద మా డబ్బింగ్ అమ్మాయి కన్నీళ్ళు పలికించాక హాల్లో ఎవరికీ అంకెలు వినపడవు.

రాజశేఖర్ మొహంలోంచి సాయికుమార్ గర్జిస్తే ఒక తరం ఆ రెండూ ఒకే మనిషనుకుంది. కమల్ హాసన్ తెలుగులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుతో మాట్లాడాడు. 'గాంధీ' తెలుగులోకి వస్తే బెన్ కింగ్‌స్లీకి కూడా ఆ గొంతే. ఎందరో హీరోయిన్ల నోట పలికింది గాయని సునీత. వెలుగు ఒకరిది, చప్పుడు ఇంకొకరిది. వెలుగు ముందు చేరుతుంది కాబట్టి పేరంతా దానికే పోతుంది. పారితోషికాల్లో ఉన్న తేడా చూస్తే వేగాల్లో ఉన్న ఎనిమిదిన్నర లక్షల రెట్లు మరీ అన్యాయం అనిపించదు.

ఈ మధ్య ఒక తిరకాసు వచ్చిపడింది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మాటను మడతపెట్టి, గాలిలో పంపి, మళ్ళీ విప్పేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు పోతుంది. బాల్కనీ చివరి సీటు కన్నా దూరం. అందుకని ఫోను ఏం చేస్తోందంటే, మాట ఎంత లేటో లెక్క చూసి బొమ్మను అంతసేపు పట్టి ఉంచుతోంది. ఇన్నాళ్ళూ మాటే బొమ్మ వెంట పరుగెత్తింది. ఇప్పుడు బొమ్మ నిలబడి మాట వచ్చాక కదులుతోంది. మొన్న మెట్రోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎక్కిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు చెవుల్లో బడ్స్ పెట్టుకుని సినిమా చూస్తున్నాడు, పక్క నుంచి చూసినా పెదవులు చక్కగా నడుస్తున్నాయి. కాసేపటికి సినిమా ఆపి తుపాకుల ఆట మొదలుపెట్టాడు. ఆటలో బొమ్మను ఆపి ఉంచడం కుదరదు, వేలు నొక్కిన క్షణమే పేలాలి. మొహం చిట్లించాడు.

"అరె, మనిషి పడిపోయినంక సౌండొస్తుందిరా దీన్ల."

"వైర్‌ది కొనుక్కోరా బై," అన్నాడు రెండోవాడు తన ఫోన్లోంచి తలెత్తకుండా. "వంద రూపాయలకొస్తది."